చెప్పింది 8,200.. బిల్లు 17,995

ఏడేళ్ల నాటి చిన్న కారు. గేరు పడనంటోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోందే గానీ బండి లాగడం లేదు. వర్క్‌షాపు వాళ్లు ఓ రౌండు తిప్పి చూసి క్లచ్ అరిగిపోయిందన్నారు. ‘‘సెట్టు 5,200, లేబరు 3,000. ఎనిమిది వేల రెండొందల్లో అయిపోద్ది సార్’’ అన్నారు. తీరా బండి తెచ్చుకోవడానికి వెళ్తే చేతిలో పెట్టిన కాగితం మీద 17,995 ఉంది. ఇదేంటయ్యా అంటే, ‘‘అన్నీ బిల్లులో రాసే ఉన్నాయి కదా సార్’’ అంటాడు కౌంటర్లో కుర్రాడు. అతను చెప్పింది అబద్ధం కాదు, అన్నీ రాసే ఉన్నాయి. మనకు వాటిని చదవడం రాదు, అంతే.

ఈ బిల్లు లెక్క కోసం నేను అల్లినది, ఏ షాపుదీ కాదు. మీ ఊళ్లో, మీ బండికి ధరలు వేరుగా ఉంటాయి. కానీ ఇందులో ఉన్న పద్దులు మెకానిక్ షెడ్డు గడప తొక్కిన ఎవరికైనా తెలిసినవే. తేడా 9,795 రూపాయలు. అదంతా మోసమే అనుకుని గొడవకు దిగితే మొదటి ప్రశ్నకే నోరు మూయిస్తారు. అందులో కొంత న్యాయంగా మనం ఇవ్వాల్సిందే. ఏది ఇవ్వాలి, దేని మీద నిలదీయాలి అన్నది వేరుచేసుకుంటే సగం పని అయినట్టే.

ముందు పన్ను సంగతి. నోటిమాటగా చెప్పే అంచనాలో జీఎస్టీ దాదాపు ఎప్పుడూ ఉండదు. 8,200 మీద 18 శాతం అంటే 1,476. అంటే ఒక్క బోల్టు అదనంగా మార్చకపోయినా మీ బిల్లు 9,676 అయ్యేది. 2025 సెప్టెంబరు 22కు ముందు చాలా స్పేర్ పార్టుల మీద 28 శాతం ఉండేది; ఆ రోజు నుంచి అన్నిటికీ 18 శాతమే చేశారు. రిపేరు కూలీ మీద కూడా 18 శాతమే. కాబట్టి ఇప్పుడు ఎవరైనా పార్టు మీద 28 వేస్తే అది పాత లెక్క, అక్కడికక్కడే దిద్దించాలి.

మరి చిన్న షెడ్డు మెకానిక్ కూడా పన్ను వేయొచ్చా? రిజిస్ట్రేషన్ ఉంటేనే. సేవలందించే వ్యాపారం ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవరు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివారు పన్ను పేరుతో పైసా వసూలు చేయకూడదు. బిల్లు పైభాగంలో 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఆ నంబరును జీఎస్టీ వెబ్‌సైటులో కొడితే అది ఎవరి పేరు మీద ఉందో, ఇంకా నడుస్తోందో లేదో లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. నంబరు లేకుండా 18 శాతం వేసిన బిల్లయితే ఆ డబ్బు సర్కారుకు చేరే దారే లేదు.

ఇక అసలు కాగితంలోకి వద్దాం. సామాన్ల పద్దులో క్లచ్ సెట్టు 5,200, క్లచ్ కేబుల్ 650, గేర్ ఆయిల్ 700, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు 1,450, ఇంజిన్ మౌంటింగ్ 1,300. మొత్తం 9,300. లేబరు పద్దులో క్లచ్‌కు 3,000, బ్రేక్ ప్యాడ్లకు 400, మౌంటింగ్‌కు 500, ఇంజిన్ ఫ్లష్‌కు 600, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్‌కు 700, కన్స్యూమబుల్స్‌కు 350, వాషింగ్‌కు 400. మొత్తం 5,950. రెండూ కలిపి 15,250, దాని మీద పన్ను 2,745. కూడితే 17,995 సరిగ్గా వస్తుంది. కూడికలో తప్పులు చేసేంత అమాయకులు ఎవరూ లేరు.

కేబుల్, గేర్ ఆయిల్ కలిపి 1,350. ఇది న్యాయమైన ఖర్చే. ఇప్పటి చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, దాన్ని దించాలంటే చక్రాలకు వెళ్లే యాక్సిల్ కడ్డీలను బయటికి లాగాలి. లాగితే లోపలి ఆయిల్ కారిపోతుంది కాబట్టి ముందే వంపేస్తారు. ఏడేళ్ల బండిలోంచి వంపిన ఆయిల్‌ను మళ్లీ పోయరు. కొత్త ఆయిల్ ఎంత పడుతుందో కారుతో ఇచ్చిన పుస్తకం చివరి పేజీల్లో లీటర్లలో ఉంటుంది. బిల్లులోని లీటర్లు దానితో సరిపోతే ఆ పద్దును వదిలేయండి. వాళ్ల తప్పు ఏమన్నా ఉందంటే, ఎప్పుడూ పడే ఈ ఖర్చును అంచనాలో చెప్పకపోవడమే.

ఇంజిన్ మౌంటింగ్ అంటే ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ బండి చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ. రబ్బరు చీలితే బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ దాకా అదురు వస్తుంది. ఏడేళ్లకు అది పోయి ఉండొచ్చు, దించాక గానీ కనపడి ఉండకపోవచ్చు. కాబట్టి 1,300 మీద పేచీ అక్కర్లేదు, పాత దిమ్మ చూపిస్తే చాలు. అడగాల్సింది దాని పక్కనున్న 500 గురించి. గేర్‌బాక్స్ వైపు మౌంటింగ్‌ను విప్పకుండా గేర్‌బాక్స్ దిగదు. అంటే 3,000 లేబరులో దాన్ని విప్పడం, బిగించడం రెండూ ఉన్నాయి. బిగించేటప్పుడు పాతదాని బదులు కొత్తది పెట్టారు, అంతే. ఒకే బోల్టు తిప్పినందుకు రెండుసార్లు కూలీ పడింది. పెద్ద వర్క్‌షాపుల్లో ఒక్కో పనికి ఇన్ని గంటలని కంపెనీ ఇచ్చిన పట్టిక ఉంటుంది, లేబరు దాని ప్రకారమే వేస్తారు. ‘‘ఈ రెండు పనులూ కలిసి చేస్తే పట్టికలో ఎన్ని గంటలుంది?’’ అని అడిగి చూడండి. ఈ ప్రశ్న రోజూ ఎవరూ అడగరు కాబట్టి దానికి జవాబు సిద్ధంగా ఉండదు.

బ్రేక్ ప్యాడ్లది మరో రకం. అవి అవసరమే కావచ్చు, కానీ మీరు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్ల దాకా వచ్చిందంటే మార్చే సమయం దగ్గరపడినట్టే. పది రూపాయల బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే అంతకు కాస్త ఎక్కువ. పాత ప్యాడ్లు తెప్పించుకుని ఇనప పలకను వదిలేసి, దాని మీద మిగిలిన పొరను మాత్రమే చూడండి. రెండు బిళ్లల కంటే బాగా మందంగా ఉంటే తొందరపడి మార్చినట్టు. పాత సామాన్లు మీవే. వాటికి డబ్బు పెట్టింది మీరు. కొన్ని సామాన్లకు మాత్రం పాతది తిరిగిస్తేనే ధర తగ్గించే పద్ధతి ఉంటుంది. అలాంటివైతే బిల్లులో ఆ తగ్గింపు కనపడాలి.

మిగిలిన నాలుగు పద్దులూ కలిపి 2,050, పన్నుతో 2,419. పెట్రోలు లీటరు 107 అనుకుంటే 22 లీటర్ల పైమాట. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, ఊళ్లో కూడా తిరగొచ్చు. కన్స్యూమబుల్స్ అంటే గ్రీజు, గుడ్డపీచు, తుడిచే స్ప్రే వగైరా. ఎంత వాడారో ఎవరూ కొలవలేరు కాబట్టే అది అందరికీ ఇష్టమైన పద్దు. ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్ అంటే ఏసీ గాలి వచ్చే దారుల్లో వాసన పోయేలా మందు కొట్టడం. క్లచ్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ నాలుగింటిలో నన్ను ఎక్కువ ఆకర్షించేది ఇంజిన్ ఫ్లష్. అదేమిటంటే, ఇంజిన్‌లోని పాత ఆయిల్‌లో ఒక ద్రావకం కలిపి, కాసేపు ఇంజిన్ నడిపి, పేరుకున్న మడ్డి కరిగాక ఆ ఆయిల్ మొత్తం వంపేయడం. వంపాక కొత్త ఇంజిన్ ఆయిల్ పోయాలి, కొత్త ఆయిల్ ఫిల్టర్ వేయాలి. మళ్లీ బిల్లు చూడండి. గేర్ ఆయిల్ ఉంది. ఇంజిన్ ఆయిల్ లేదు, ఫిల్టరూ లేదు. ఆ ద్రావకానికి కూడా పద్దు లేదు. అంటే జరగని పనికి 600 రాశారు, లేదా ద్రావకం పోసి ఆయిల్ మార్చకుండా వదిలేశారు. రెండోదే నిజమైతే మరీ ప్రమాదం. బిల్లులో ఒక పద్దు నిజమైతే దాని వెనక రావాల్సిన పద్దు ఇంకోటి ఉంటుంది. అది కనపడకపోతే అడగండి.

ఎమ్మార్పీ సంగతి చాలామంది చూడరు. డబ్బా మీద అచ్చయిన గరిష్ఠ ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. ప్యాకెట్ సరుకుల నిబంధనలు చెప్పేది అదే. క్లచ్ సెట్టు డబ్బా మీద 5,200 ఉందనుకుందాం. అందులో పన్ను ముందే ఉంది. అసలు ధర 4,407, పన్ను 793. బిల్లులో 5,200 వేసి, దాని మీద మళ్లీ 18 శాతం వేస్తే మీరు కట్టేది 6,136. ఒక్క సామాను మీద 936 ఎక్కువ. సామాన్లన్నీ ఇదే తీరున వేసి ఉంటే 9,300 మీద 1,674. అందుకే డబ్బాలు కూడా అడిగి తీసుకోండి, పారేసి ఉంటే చెత్తబుట్టలో వెతికి ఫొటో తీయమనండి. పార్టు ధరా పన్నూ కలిపి డబ్బా మీది అంకె దాటకూడదు.

ఇప్పుడు మొత్తం తేలుద్దాం. మౌంటింగ్ లేబరు 500, ఆ నాలుగు పద్దుల 2,050 తీసేస్తే పన్నుతో సహా 3,009 తగ్గుతుంది. ఎమ్మార్పీ మీద పన్ను వేసి ఉంటే మరో 1,674. మొత్తం 4,683. బ్రేక్ ప్యాడ్లు నిజంగా అరిగి ఉంటే న్యాయమైన బిల్లు 13,312. తేడా 9,795 మీద కోపంతో అరవడం కంటే, 4,683కు పద్దుపద్దుగా కారణం చెప్పి అడగడం కౌంటర్ దగ్గర ఎక్కువ పని చేస్తుంది. కుర్రాణ్ని కాకుండా మేనేజర్‌ను పిలిపించి, బిల్లు వెనక పెన్నుతో రాసి చూపించండి.

‘‘డబ్బు కట్టందే బండి ఇవ్వం’’ అంటే? చాలామందికి ఇది గూండాగిరీలా అనిపిస్తుంది గానీ, చట్టంలో వాళ్లకు కొంత ఆసరా ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువు మీద శ్రమా నైపుణ్యమూ పెట్టి పని చేసినవారు దానికి రావాల్సిన కూలీ ముట్టేదాకా ఆ వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చు. అయితే అది ఆ వస్తువు మీద, ఒప్పందం ప్రకారం చేసిన పనికే. చెప్పకుండా చేసిన పనికి అదే హక్కు ఉందా అంటే వాదించాల్సిన విషయం, కానీ ఆ వాదన తేలేదాకా కారు వాళ్ల షెడ్డులోనే ఉంటుంది. రోజూ క్యాబ్‌కు 300 పెడుతుంటే పదిహేను రోజుల్లో 4,500, అంటే గొడవ పడుతున్న సొమ్ముకు కాస్త తక్కువ. కాబట్టి నా సలహా: కట్టేయండి. కానీ యూపీఐలోనో కార్డుతోనో కట్టి, బిల్లు కాపీ మీద ‘ఫలానా పద్దులకు అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, తేదీ వేసి, ఫొటో తీసి అక్కడే వాళ్ల నంబరుకు మెసేజ్ పంపండి. ఆ మెసేజ్ తరవాత పనికొస్తుంది.

బిల్లు వద్దంటే పన్ను మిగులుతుంది కదా అన్న ఆశ మనకూ ఉంటుంది. ఈ లెక్కలో 2,745 మిగిలినట్టే కనిపిస్తుంది. వారం తిరక్కుండా క్లచ్ మళ్లీ జారితే మాత్రం చూపించడానికి మీ దగ్గర ముక్క కాగితం ఉండదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చెబుతోంది. బిల్లు మీద గ్యారంటీని కూడా రెండుగా రాయించుకోండి: సామానుకు ఎన్ని నెలలు, లేబరుకు ఎన్ని నెలలు. సామానుకు మాత్రమే ఉంటే, క్లచ్ ప్లేటు ఉచితంగా ఇచ్చి గేర్‌బాక్స్ దించినందుకు మళ్లీ 3,000 అడుగుతారు.

ఈ తంటా చాలావరకు తాళాలు ఇచ్చే రోజే తప్పించుకోవచ్చు. పెద్ద షాపుల్లో జాబ్ కార్డు ఉంటుంది. బండి నంబరు, మీరు చెప్పిన లోపం, చేయాల్సిన పని, అంచనా ఖర్చు రాసే కాగితం అది. హడావుడిలో ఉంటాం, చూపించిన చోట సంతకం పెట్టేసి వచ్చేస్తాం. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ వస్తుంది, ‘‘సార్, విప్పి చూశాం, ఇంకో రెండు పనులున్నాయి’’ అని. ‘‘సరే, కానివ్వండి’’ అంటాం. ఏ పనులో, ఎంతవుతుందో అడగం. ఆ ఒక్క మాటతో మౌంటింగ్, ప్యాడ్లు, ఏసీ అన్నీ లోపలికి వస్తాయి. జాబ్ కార్డు మీద మీ చేత్తో ఒక వాక్యం రాయండి: ‘బిల్లు మొత్తాన్ని పన్నుతో కలిపి 10,000 దాటించే ఏ పనైనా, ఫొటో, ధర మెసేజ్‌లో పంపి నేను సరే అన్నాకే చేయాలి.’ బండి ఇచ్చే తేదీ కూడా రాయించండి. షెడ్డు మెకానిక్ దగ్గర కార్డు ఉండదు. ఇదే మాట వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది. ఆయన చిన్నబుచ్చుకోడు. నిజానికి విప్పకముందు ఏ మెకానిక్‌కూ లోపలిది పూర్తిగా తెలియదు. నిజాయతీగా పనిచేసేవాడికి కూడా ఆ మెసేజ్ రక్షణే.

బయట మెకానిక్ దగ్గరికి వెళ్తే కంపెనీ వారంటీ పోతుందేమోనన్న భయం కొత్త బళ్ల వాళ్లకు ఉంటుంది. దీని మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న పెద్ద తీర్పే ఇచ్చింది. స్పేర్లను బయట దొరకనివ్వకుండా చేశాయంటూ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదని, ఆ బయటి పని వల్ల పాడైనంత మేరకే నిరాకరించవచ్చని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కాబట్టి వారంటీ ఉన్నన్నాళ్లూ మీ బండి వారంటీ పుస్తకంలో ఏం రాసిందో చదువుకుని అడుగేయండి. వారంటీ దాటాక మాత్రం విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ధర కనుక్కోకుండా ఖరీదైన సామాను వేయించడం అనవసర ఖర్చు. సామాను మీరే తెచ్చిస్తే లేబరు గ్యారంటీ ఇవ్వనంటాడు మెకానిక్. అది కూడా ముందే తేల్చుకోండి.

ఇంకో మాట కూడా వినపడుతుంది: ‘‘బంపర్ గీత కూడా ఇన్సూరెన్స్‌లో కొట్టేద్దాం సార్.’’ ఉచితం అనిపిస్తుంది. లెక్క వేద్దాం. కొత్త బంపరు 4,000, పెయింటింగ్ 4,000 అనుకోండి. సాధారణ పాలసీలో ప్లాస్టిక్ సామాన్లకు సగం తరుగు, అంటే పాతబడినందుకు కోత, తీసేస్తారు. మిగిలేది 2,000. పెయింటింగ్ బిల్లులో 25 శాతాన్ని రంగు ఖరీదుగా లెక్కించి అందులో సగం, అంటే 500 కోస్తారు. మిగిలేది 3,500. ఈ 5,500లో మనమే భరించాల్సిన తప్పనిసరి వాటా 1,500 సీసీ లోపు కారుకు 1,000. చేతికొచ్చేది 4,500. ఇప్పుడు పోయేది చూడండి. ఐదేళ్లుగా క్లెయిమ్ లేనివారికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు తగ్గింపు, ఉంటుంది. ఆ ప్రీమియం 7,000 అయితే ఏడాదికి 3,500 ఆదా. ఒక్క క్లెయిమ్‌తో వచ్చే ఏడు అది సున్నా. ఆ పై ఏడు 20 శాతమే, అంటే మరో 2,100 నష్టం. రెండేళ్లలో 5,600 పోగొట్టుకుని 4,500 తెచ్చుకున్నట్టు. జీరో డిప్రిసియేషన్ పాలసీ అయితే తరుగు కోత ఉండదు, బోనస్ మాత్రం పోవచ్చు. క్లచ్ లాంటి అరుగుదల ఖర్చులు మామూలు పాలసీలోకి ఎలాగూ రావు.

షాపు వాళ్లు ఎంతకీ దిగిరాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. నాలుగైదు వేల తగాదాకు నేనైతే మొదట ఇదే చేస్తాను. ఫిర్యాదు నంబరు పడితే చాలా షాపులు పద్దులు తగ్గించడానికి ఒప్పుకుంటాయి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారానూ వేయవచ్చు. గడువు రెండేళ్లు. జత చేయాల్సినవి జాబ్ కార్డు, బిల్లు, చెల్లించిన రుజువు, అభ్యంతరం రాసి పంపిన మెసేజ్, పాత సామాన్ల ఫొటోలు. పక్కన ఇంకో మెకానిక్ చేత ‘ఇంజిన్ ఆయిల్ మార్చిన గుర్తులు లేవు’ అని రాయించి సంతకం పెట్టించగలిగితే, ఆ 600 పద్దుకు వాళ్లు సమాధానం చెప్పక తప్పదు.